వెనకవైపు లేని రాజమహలు!
ఫిల్మ్ సిటీకి నాలుగుసార్లు వెళ్ళొచ్చిన ఓ వైరా అభిమాని ముచ్చట్లు

మా వైరా వాళ్ళకి ఓ అదృష్టం ఉంది. హైదరాబాదుకి బస్సెక్కితే, ఊరు రాకముందే సినిమా వచ్చేస్తుంది!

నమ్మరా? ఖమ్మం, సూర్యాపేట మీదుగా విజయవాడ రహదారి పట్టుకుని వెళ్ళండి. చౌటుప్పల్ దాటి, ఇంకా ఎల్బీ నగర్ రద్దీలో ఇరుక్కోకముందే ఎడమో కుడో కిటికీలవాళ్ళంతా మెడలు సాచి చూస్తారు. "అదిగో... రామోజీ ఫిల్మ్ సిటీ!" అని ఎవరో ఒకరు అరుస్తారు. నిద్రపోతున్న ముసలమ్మ కూడా లేచి కొంగు సర్దుకుంటుంది, లోపల్నుంచి ఏ హీరోయో బయటికొచ్చి పలకరిస్తాడన్నట్టు.

ఆ గేటు దాటి లోపలికి నేను నాలుగుసార్లు వెళ్ళాను. 2000లో ఒకసారి, 2009లో ఒకసారి, 2018లో ఒకసారి, 2024 చివర్లో ఒకసారి. నాలుగుసార్లూ చూసింది ఒకే చోటు. కానీ నాలుగుసార్లూ చూసింది ఒకటే కాదు! అదే ఈ వ్యాసం సంగతి.

రీలు పెట్టే మనిషి కొడుకుని

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న మా ఊరి హాల్లో ఆపరేటరు. 1981లో చేరాడు. అప్పట్లో ప్రొజెక్టర్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు వెలిగించేవారు. రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. తెరమీద కుడివైపు పైమూల ఓ చిన్న చుక్క మెరిసి మాయమవుతుంది. మీలో ఎంతమంది గమనించారో! మొదటి చుక్కకి మిషను తిప్పాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. అంటే ఆపరేటరు కునుకు తీయడానికి వీల్లేదన్నమాట. తీశాడా, హాలంతా ఈలలూ తిట్లూ!

అలాంటి మనిషి కొడుకుని గనక నాకు సినిమా అంటే గౌరవం తక్కువ, పిచ్చి ఎక్కువ.

మొదటిసారి – 2000: మోసపోయాను!

ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. కళాదర్శకుడు నితీష్ రాయ్ దాని రూపశిల్పి. 1,666 ఎకరాల్లో ఉన్న ఈ ఫిల్మ్ స్టూడియో సముదాయం ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకం వాళ్ళే గుర్తించారు. ఈ అంకెలేవీ అప్పుడు నాకు తెలియవు. నాకు పదకొండేళ్ళు. నాన్న హాలుకి సెలవు పెట్టి, వేరే ఊరి ఆపరేటరుని బతిమాలి తన బదులు కూర్చోబెట్టి నన్ను తీసుకెళ్ళాడు.

గేటు దగ్గర దిగితే సినిమా కనిపించదు. అక్కణ్ణుంచి మళ్ళీ వాళ్ళ బస్సెక్కి లోపలికి పోవాలి. కోటలాంటి యురేకా ద్వారం, ఫౌంటెన్లు, మొఘల్ తోట, జపాన్ తోట, మొక్కలన్నీ కత్తిరించి నిలబెట్టిన బొమ్మలు... నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆ తరవాత వీధులు. ఒక వైపు ఉత్తరాది ఊరు, మలుపు తిరిగితే విదేశం! రైల్వే స్టేషను ఉంది, స్టేషను పేరు మాత్రం ఏ సినిమాకి ఆ సినిమా మార్చుకుంటారు. ఒకే భవనానికి ముందునుంచి చూస్తే ఒక పేరు, పక్కనుంచి చూస్తే ఇంకో పేరు!

పురాణాల సెట్టు దగ్గర ఓ రాజమహలు నన్ను బాగా ఆకర్షించింది. స్తంభాలు, బంగారు రంగు, మెట్లు... పరిగెత్తుకుంటూ పక్కకి వెళ్ళి చూద్దును గదా, వెనక ఏమీ లేదు! కర్రలు, ఇనప గొట్టాలు, అట్టలు. వేలితో కొడితే స్తంభం డబడబా మోగింది. ఏడుపొకటే తక్కువ నాకు.

"నాన్నా, ఇది ఉత్తదే!"

నాన్న నవ్వలేదు. "తెర వెనక్కి పోయి చూసినవా ఎప్పుడన్నా?"

"చూసిన. సున్నం గోడ."

"మరి ముందునుంచి చూసినప్పుడు ఏడ్చినవా, నవ్వినవా? అది ఉత్తదెట్టా అయితదిరా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

వెన్నెల కూడా సెట్టే!

అన్నట్టు, ఈ 'ఉత్తది' అనే మాట మన చిత్రసీమ మొత్తానికీ వర్తిస్తుంది. 1957 నాటి 'మాయాబజార్'లో మీరు చూసి మురిసిపోయిన నౌకా విహారపు వెన్నెల చంద్రుడిది కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీది! ఆ ద్వారకా నగరం చిన్న చిన్న ఇళ్ళతో కట్టిన నమూనా. అది తీసిన విజయా–వాహినీ స్టూడియో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఇవాళ మద్రాసు వడపళనిలో ఆ స్థలానికి వెళితే ఆసుపత్రి కనిపిస్తుంది, షాపింగ్ మాల్ కనిపిస్తుంది. ద్వారక మాత్రం కనిపించదు.

స్టూడియో లోపలికి జనాన్ని రానిచ్చి డబ్బులు తీసుకోవడం కూడా కొత్త ఆలోచనేం కాదు. హాలీవుడ్‌లో కార్ల్ లెమ్లీ అనే ఆయన 1915లోనే యూనివర్సల్ స్టూడియోలో పావు డాలరు పుచ్చుకుని షూటింగులు చూపించాడు. జనం మూకీ హీరోలకి చప్పట్లు కొట్టేవారు, విలన్లని తిట్టేవారు. టాకీలొచ్చాయి, ఆ చప్పుడు రికార్డులో పడుతుందని జనాన్ని బయటికి పంపేశారు! మళ్ళీ 1964లో గానీ అక్కడ యాత్ర మొదలవలేదు. 1986లో కింగ్ కాంగ్ కోతి వచ్చింది. 2008లో అగ్ని ప్రమాదంలో కాలిపోయింది. 2010లో త్రీడీ కోతి దాని స్థానంలో కూర్చుంది. వినోదాల ఊళ్ళ పద్ధతే అంత. నిన్నటిది ఇవాళ ఉండదు.

రెండోసారి – 2009: నలుగురు మిత్రులు, ఒక కెమెరా

డిగ్రీ అయిపోయిన సంబరంలో నలుగురం ఖమ్మంలో రాత్రి బస్సెక్కాం. అప్పటికి నేను నాలుగు సినిమా పుస్తకాలు చదివిన పండితుణ్ణి! ఏ వీధి ఏ సినిమాలో ఉందో మావాళ్ళకి చెప్పాలని నా ఉబలాటం. తీరా చూస్తే నాకు గుర్తున్న వీధికి రంగు మారిపోయింది. గుర్తున్న దుకాణం బోర్డు పోయి ఇంకో భాషలో బోర్డొచ్చింది. ఓ దారి షూటింగని మూసేశారు. మా పండితుడి పరువు మూడు నిమిషాల్లో గంగలో కలిసింది.

కాకపోతే ఆ రోజు కౌబాయ్ స్టంట్ ప్రదర్శన చూశాం. పైనుంచి దూకిన కుర్రాడు లేచి దుమ్ము దులుపుకుని మోచెయ్యి ఒకసారి పట్టుకున్నాడు. నొప్పి తగిలిందని నాకు మాత్రమే అనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. రోజుకి అన్నిసార్లు దూకాలంటే మాటలా! తెరమీద పేరు పడని ఇలాంటివాళ్ళ వల్లే గదా మన హీరోలు హీరోలయ్యేది.

ఇంటికొచ్చి నాన్నకి చెబితే, "రీలు పెట్టినోడి పేరూ పడదులే" అన్నాడు నవ్వుతూ. అప్పటికే ఆయన నవ్వులో జీవం తగ్గింది. చుట్టుపక్కల హాళ్ళకి రీళ్ళ బాక్సు రావడం మానేసి, ఉపగ్రహం నుంచి బొమ్మ దిగే రోజులొస్తున్నాయి.

2012లో మా హాలు మూతబడింది. తరవాత ఫంక్షన్ హాలయింది. మా చెల్లెలి పెళ్ళి కూడా అందులోనే జరిగింది. తెర ఉండే చోట పెళ్ళి మండపం వేశారు. నాన్న అక్షింతలు వేస్తూ కూడా పైన ప్రొజెక్టరు కన్నం వైపే చూశాడు. దాన్ని ఇటుకలతో మూసేశారు. ఆ తరవాత ఆయన ఏ హాల్లోనూ అడుగుపెట్టలేదు.

మూడోసారి – 2018: మాహిష్మతిలో మేనకోడలు

'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. మాహిష్మతిని సాబు సిరిల్ ఇక్కడే కట్టాడు. మామూలుగా సినిమా అయిపోగానే సెట్టు విప్పేస్తారు. దీన్ని విప్పకుండా జనానికి చూపించారు. అక్క కూతురు ఊరుకుంటుందా? "మామయ్యా, కట్టప్ప ఇల్లు చూపించు" అని ప్రాణం తీసింది. వెళ్ళాం.

సింహాసనం, ఆయుధాలు, రథాలు, ఏనుగు బొమ్మలు... పిల్ల ఎగిరి గంతేసింది. "మరి ఆ జలపాతమేది?" అంది. జలపాతం కేరళలోని అతిరప్పిళ్ళిలోనూ, మిగతాది కంప్యూటర్లోనూ ఉందని చెప్పాను. ఆ సినిమా రాజ్యంలో సగం ఇక్కడుంది, సగం గ్రాఫిక్స్ వాళ్ళ కంప్యూటర్లలో ఉందన్నమాట! పిల్ల ఓ గోడని వేలితో కొట్టింది. డబడబా మోగింది. నా వైపు అనుమానంగా చూసింది. పద్దెనిమిదేళ్ళ కిందటి నా మొహమే అది!

నాన్న మాటే చెప్పాను. పిల్లకీ అర్థం కాలేదు. పరవాలేదు, టైముంది.

నాలుగోసారి – 2024: చుక్క కోసం చూసిన మనిషి

2020లో కరోనా ఆ గేటు కూడా మూయించింది. 2021లో మళ్ళీ తెరిచారు. 2024 జూన్‌లో రామోజీరావు గారు కన్నుమూశారు. ఆ వార్త టీవీలో చూస్తూ నాన్న, "కట్టినాయన పోయిండు. అది ఉందా?" అన్నాడు. పన్నెండేళ్ళలో సినిమా గురించి ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న అది! డిసెంబరులో మోకాళ్ళ నొప్పులకి మాత్రలు, ఓ చేతికర్ర సర్దుకుని ఇద్దరం బయల్దేరాం.

నేను పెద్ద ఏర్పాటే చేసుకున్నాను. 2000లో చూసిన ఆ రాజమహలు దగ్గర నాన్నని నిలబెట్టి ఫొటో తీయాలని. బస్సు దిగాను, తిరిగాను, ఇద్దర్ని అడిగాను. నాకు గుర్తున్న చోట నాకు గుర్తున్న మహలు కనబడలేదు. తీసేశారో, ముఖం మార్చారో, నా జ్ఞాపకమే దారి తప్పిందో! నిజం చెబుతున్నా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత దూరం ఆ మనిషిని తీసుకొచ్చింది అందుకోసమే మరి.

నాన్న బెంచీ మీద కూర్చుని తాపీగా అన్నాడు: "దానికి ఏడుపెందుకురా? బొమ్మ మారకపోతే హాలుకి ఎవడొస్తడు? శుక్రవారం శుక్రవారం నేనే మార్చేటోణ్ణి గదా."

"మరి మన హాలు పోతే నువ్వెందుకు బాధపడ్డవు?"

కాసేపు మాట్లాడలేదు. "బొమ్మ మారటం వేరు. బొమ్మ ఆడే చోటు పోవటం వేరు. ఇక్కడ చోటుంది."

తరవాత సినిమా ఎలా తీస్తారో చూపించే ప్రదర్శనకి వెళ్ళాం. జనంలోంచి ఒకమ్మాయిని పిలిచి, కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి, కొరడా ఆడించమన్నారు. కొందరు కుర్రాళ్ళని పిలిచి గిట్టల చప్పుళ్ళు చేయించారు. చివర్లో అన్నీ కలిపి తెరమీద వేస్తే... బండి పరుగో పరుగు! హాలంతా కేకలు. నేను తెర చూడలేదు, నాన్ననే చూశాను. ఆయన చూపు తెర మధ్యలో లేదు. కుడివైపు పైమూల ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాల అలవాటు!

"చుక్క రాదు నాన్నా, ఇది డిజిటల్" అన్నాను మెల్లిగా.

"తెలుసు లేరా" అన్నాడు. చూపు మాత్రం తిప్పలేదు.

పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు "ఏం చుక్క తాతా?" అని అడిగారు. అంతే! ప్రదర్శన అయిపోయాక బయట చెట్టు కింద అరగంట క్లాసు. కార్బన్ కడ్డీ ఎట్లా వెలిగించాలి, రీలు తెగితే ఎన్ని సెకన్లలో అతికించాలి, అతికించేలోగా జనం తిట్లకి చెవులెట్లా మూసుకోవాలి! కుర్రాళ్ళు ఫోన్లు తీసి వీడియో పట్టుకున్నారు. రంగులరాట్నాల దగ్గరికి వెళ్ళాల్సిన వాళ్ళు, మా నాన్న చుట్టూ చేరారు. ఆ పూట ఫిల్మ్ సిటీలో కొత్త ఆకర్షణ ఎవరయ్యా అంటే, మా నాన్నే!

తిరుగు బస్సులో సూర్యాపేట దాటాక నాన్న అడిగాడు: "ఖమ్మంలో ఇప్పుడు ఏం బొమ్మ ఆడుతోంది?"

మర్నాడు ఫస్ట్ షోకి వెళ్ళాం. పన్నెండేళ్ళ తరవాత!

అందుచేత సినీ ప్రియులకి నా సలహా ఒకటే. ఈసారి ఫిల్మ్ సిటీకి వెళితే స్నేహితులతో పాటు ఇంట్లో పెద్దవాళ్ళని ఒకరిని కూడా తీసుకెళ్ళండి. సెట్లు మారుతూనే ఉంటాయి, మారనివ్వండి. వాళ్ళు చెప్పే బొమ్మ మాత్రం మళ్ళీ రిలీజు కాదు. ముందు అది చూసేయండి!