చుట్టూ సంద్రం, చిన్న సైన్యం: మాల్దీవుల రక్షణ శాఖ కథ

హిందూ మహాసముద్రంలో ఉత్తర దక్షిణాలుగా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పరచుకున్న మాల్దీవులలో దాదాపు 1,200 పగడపు దీవులున్నా, నేలంతా కలిపితే 300 చదరపు కిలోమీటర్లే. చేపల మీదా సముద్రగర్భ సంపద మీదా తీరదేశానికే హక్కు ఉండే జలభాగం, అంటే ప్రత్యేక ఆర్థిక మండలం, మాత్రం సుమారు 9 లక్షల చదరపు కిలోమీటర్లు. అయిదు లక్షల పైచిలుకు జనాభా నుంచి కూడదీసిన కొద్దిపాటి బలగంతో ఇంత నీటిని కాయవలసిన బాధ్యత అక్కడి రక్షణ మంత్రిత్వ శాఖది. విచిత్రమేమంటే, ఆ శాఖ గతాన్ని తిరగేస్తే పరాయి సేనలతో జరిగిన యుద్ధాలు దాదాపు కనిపించవు. పాలకుడి నివాసానికి కూతవేటు దూరంలో ఉన్న సైనికులు ఎవరి మాట వింటారు, ఆపద ముంచుకొస్తే ఏ పెద్ద దేశం అండ కోరాలి అన్న రెండు చిక్కులే ప్రతి దశలోనూ ఎదురవుతాయి.

పదిహేనేళ్లు రాజధాని మాలెను ఏలిన పోర్చుగీసులను 1573లో మొహమ్మద్ తకురుఫాను తరిమివేసిన ఘట్టాన్ని ఆ దేశం నేటికీ జాతీయ దినంగా జరుపుకుంటుంది. 1887 ఒప్పందంతో మాల్దీవులు బ్రిటన్‌కు రక్షిత రాజ్యమైంది. అంటే గద్దె, అంతర్గత పాలన సుల్తానుకు మిగిలాయి, విదేశాంగ, రక్షణ వ్యవహారాలు బ్రిటన్ చేతికి వెళ్లాయి. నేటి సైన్యం తన పుట్టుకను 1892 ఏప్రిల్ 21 నుంచి లెక్కిస్తుందంటే, బయటి శత్రువు సంగతి బ్రిటన్ చూసుకుంటున్న రోజుల్లోనే అది రూపుదిద్దుకుందన్నమాట. ఆ అరువు రక్షణకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. దక్షిణాన అడ్డూ పగడపు వలయంలోని గన్ దీవిలో బ్రిటిష్ వైమానిక స్థావరం తెచ్చిన కొలువులకు అలవాటుపడిన జనం, మాలె పెత్తనంపై ఆగ్రహించి 1959లో సువాదివ పేరుతో వేరు రాజ్యం ప్రకటించుకోగా, దాన్ని అణచడానికి ప్రధాని ఇబ్రహీం నాసిర్ స్వయంగా సాయుధ నౌకతో బయలుదేరవలసి వచ్చింది. 1963 నాటికి ఆ తిరుగుబాటు ముగిసింది. 1965 జులై 26న స్వాతంత్ర్యం వచ్చినా, గన్‌లో బ్రిటిష్ వాయుసేన 1976 దాకా నిలిచింది.

1978లో అధ్యక్షుడైన మౌమూన్ అబ్దుల్ గయూమ్ రక్షణ శాఖను 2004 వరకు తన దగ్గరే అట్టిపెట్టుకున్నారు. జాతీయ భద్రతా సర్వీసు పేరుతో పనిచేసిన ఆనాటి దళమే సైన్యం, పోలీసు కూడా కావడంతో, మంత్రిత్వ శాఖ ఉన్నా దానిని ప్రశ్నించే అధికారం మరొకరికి లేకపోయింది.

ఆ ఏర్పాటు బలహీనత 1988 నవంబరు 3 తెల్లవారుజామున బయటపడింది. అబ్దుల్లా లుతుఫీ అనే మాల్దీవుల వ్యాపారి పన్నిన కుట్రలో భాగంగా, శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ప్లాట్‌కు చెందిన ఎనభై మంది దాకా కిరాయి యోధులు సముద్రం మీదుగా వచ్చి మాలెలో దిగారు. భద్రతా దళ ప్రధాన కార్యాలయం లొంగలేదు గాని, నగరాన్ని తిరిగి చేజిక్కించుకునే శక్తి దానికి లేదు. తలదాచుకున్న గయూమ్ పలు దేశాల సాయం అర్థించగా, రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ రాత్రికే ఆగ్రా నుంచి పారాచూట్ దళాన్ని విమానాల్లో హుల్హులె విమానాశ్రయానికి చేర్చింది. బందీలను వెంటబెట్టుకుని ప్రోగ్రెస్ లైట్ అనే సరకు నౌకలో పారిపోతున్న కుట్రదారులను పట్టుకోవడంలో మన నది పేరు పెట్టుకున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ గోదావరిది ప్రధాన పాత్ర. ఆపరేషన్ కాక్టస్‌గా పేరొందిన ఈ చర్య గయూమ్ పాలనను నిలబెట్టింది. దళాన్ని పటిష్ఠం చేయాలన్న పాఠాన్ని మాలె వెంటనే గ్రహించినా, దాన్ని చట్టం అదుపులో ఉంచాలన్న పాఠం చాలా ఆలస్యంగా వంటబట్టింది.

2003లో జైలులో భద్రతా సిబ్బంది దెబ్బలకు ఒక ఖైదీ మరణించి మాలెలో అల్లర్లు చెలరేగాకే, 2004 సెప్టెంబరులో పోలీసు శాఖను సైన్యం నుంచి విడదీశారు. 2006 ఏప్రిల్‌లో మిగిలిన దళం మాల్దీవుల జాతీయ రక్షణ దళమైంది. తీర రక్షక దళంతో పాటు అగ్నిమాపక సేవ కూడా ఇందులో భాగమే కావడం పెద్ద దేశాల పాఠకులకు వింతగా తోచవచ్చు గాని, కిక్కిరిసిన మాలె వంటి దీవి నగరంలో నిప్పు అంటుకోవడం శత్రు నౌక రావడం కంటే ఎన్నో రెట్లు సంభావ్యమైన ఆపద. పేర్లు మారినంత మాత్రాన విధేయతల చిక్కు వీడలేదు. 2012 జనవరిలో సైనికులు ఒక న్యాయమూర్తిని నిర్బంధించగా, మరుసటి నెల 7న పోలీసుల, కొందరు సైనికుల తిరుగుబాటు నడుమ అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ రాజీనామా చేశారు. అది బలవంతపు రాజీనామా అని ఆయన, కాదని విచారణ సంఘం చెప్పడంతో ఆ వివాదం నేటికీ మిగిలింది. 2018లో రక్షణ మంత్రి పదవికి తొలిసారి ఒక మహిళ, మారియా దీదీ, వచ్చారు.

ఇక రెండో చిక్కు, అరువు బలం. భారత్ ఇచ్చిన రెండు ధ్రువ్ హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం దూర దీవుల రోగులను ఆసుపత్రులకు చేర్చాయి, సముద్రంపై నిఘా వేశాయి. అయితే వాటిని నడిపే డెబ్బై మందికి పైగా భారత సైనిక సిబ్బంది ఉనికి ఎన్నికల అంశమైంది. 2023లో గెలిచిన మొహమ్మద్ ముయిజ్జు వారిని 2024 మే 10 నాటికి పంపించివేసి, వారి స్థానంలో భారత పౌర సిబ్బందిని అంగీకరించారు. ఆ మధ్యలోనే చైనాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకుని, తుర్కియే నుంచి డ్రోన్లు కొన్నారు. ఒక్కరి మీదే ఆధారపడకుండా నలుగురి దగ్గరా సాయం పుచ్చుకునే ఈ పద్ధతిని అవకాశవాదమని తీసిపారేయడం తేలికే గాని, తన ఆర్థిక మండలాన్ని సొంత నౌకలతో కాయలేని దేశానికి బేరమాడే శక్తి అలాగే వస్తుంది. 2025 జులై 25న మాలెలో రక్షణ శాఖ కొత్త భవనాన్ని ప్రారంభించింది ముయిజ్జు, నరేంద్ర మోదీ కలిసే. అది భారత్ సాయంతో కట్టినది. అప్పటి రక్షణ మంత్రి ఘసాన్ మౌమూన్, 1988లో భారత్‌ను సాయానికి పిలిచిన గయూమ్ కుమారుడు.