బుగ్గారం చుట్టూ రాజులు, రాళ్లు, దేవుళ్లు

బుగ్గారానికి పొరుగునే ఉన్న ధర్మపురి ఇవాళ లక్ష్మీనరసింహస్వామి పేరు మీద అందరికీ తెలుసు. ఒకప్పుడు ఆ ఊరు ఓ కవికి అగ్రహారం. కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపకు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ధర్మవురాన్ని దానమిచ్చాడు. ఆ ధర్మవురం మన ధర్మపురేనని చరిత్రకారులు చాలామంది చెప్తారు.

ఆ రాజు మీద కవికి ఎంత అభిమానమంటే, 941లో పూర్తిచేసిన తన భారతంలో అరికేసరినే అర్జునుడిగా నిలబెట్టాడు. అందులో ద్రౌపది అర్జునుడొక్కడికే భార్య. యుద్ధం ముగిశాక పట్టాభిషేకం కూడా ధర్మరాజుకు కాదు, అర్జునుడికే!

ఈ వంశంలోనే మొదటి బద్దెగ 42 యుద్ధాలు గెలిచాడని ప్రతీతి. ఓటమి ఎరుగడు కనుక ‘సోలదగండ’ అని బిరుదు. వేంగి చాళుక్య భీముణ్ని కూడా పట్టి బంధించాడు.

అన్నిటికంటే పెద్ద విశేషం గంగాధర మండలం కురిక్యాలలో ఉంది. అక్కడి బొమ్మలమ్మ గుట్ట మీద పంప తమ్ముడు జినవల్లభుడు బండనే తొలిపించి చక్రేశ్వరీదేవిని, జినుల బొమ్మలను చెక్కించాడు. వాటి కింద 11 వరుసల శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగు భాగంలో ఉన్నవి మూడు కంద పద్యాలు. ఇప్పటికి దొరికినవాటిలో అవే తొలి తెలుగు కందాలంటారు. కాలం 945 ప్రాంతం, అంటే నన్నయ భారతానికి వందేళ్ల ముందు. జినవల్లభుడు అక్కడే ఓ బసదిని, అంటే జైన ఆలయాన్ని, కట్టించి, తోట వేయించి, చెరువు తవ్వించాడు. ఆ చెరువుకు అన్న బిరుదే పెట్టి ‘కవితాగుణార్ణవం’ అన్నాడు. అన్న మీద ప్రేమను చెరువుగా తవ్వించిన తమ్ముడు ఇంకెక్కడైనా ఉన్నాడా!

ఆ కాలంలోనే, 945లో, ఎక్కడో ఉత్తరాన కీవ్ రాజు ఈగోర్ రెండోసారి కప్పం వసూలుకు వెళ్లి డ్రెవ్లియన్ తెగ చేతిలో చనిపోయాడు. 988లో అతని మనవడు వ్లదీమిర్ క్రైస్తవం తీసుకుని, అంతదాకా తానే కొలిచిన పెరూన్ విగ్రహాన్ని ఈడ్పించి నదిలో వేయించాడు. వేములవాడ దారి వేరు. అక్కడ శివుడూ ఉన్నాడు, జినుడూ ఉన్నాడు. బద్దెగ పేరిట వెలసిన బద్దెగేశ్వరమే ఇప్పటి భీమేశ్వరాలయం. అదే ఊళ్లో రెండో బద్దెగ కట్టించిన శుభధామ జినాలయానికి 966లో ఆయన కొడుకు మూడో అరికేసరి ఓ ఊరే రాసిచ్చాడు. అది అందుకున్నది సోమదేవసూరి. ‘యశస్తిలక చంపువు’ను 959లో గంగాధరలో ముగించిన పండితుడు ఆయనే. ఇవాళ వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించేవాళ్లు ప్రదక్షిణ చేసేది ఈ చరిత్ర నడిచిన నేల మీదే.

ఇక పొలాస. జగిత్యాల పక్కనున్న ఈ పల్లె ఒకనాటి రాజధాని పొలవాస. మేడరాజు ఏలిన రాజ్యమది. కాకతీయ రుద్రదేవుడు దాన్ని గెలుచుకున్న సంగతి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. ఆ రోజుల్లోనే రష్యాలో ఆంద్రేయ్ బొగొల్యూబ్‌స్కీ అనే రాజు మేరీమాత పటాన్ని 1155లో కీవ్ దగ్గరి విష్‌గొరొద్ నుంచి వ్లదీమిర్ పట్టణానికి తరలించాడు. 1169లో అతని సేన కీవ్‌ను కొల్లగొట్టింది. ఆ పటం ఇప్పుడు మాస్కోలో గట్టి కాపలా మధ్య భద్రంగా ఉంది.

జగిత్యాల కోట వీటన్నిటికంటే చిన్నది వయసులో. ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో 1747లో కట్టారు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం.

మాస్కోలోని ఆ పటానికి ఉన్నలాంటి కాపలా కురిక్యాల బండకు లేదు, పైగా కరీంనగర్ ప్రాంతం గ్రానైట్ తవ్వకాలకు పేరుబడ్డది. పిల్లలను ఒక్కసారి ఆ గుట్ట ఎక్కించి ఆ అక్షరాలు చూపించండి. శాసనానికి రంగులు పూయకండి, సుద్దతో గీయకండి. గుట్ట పక్కన ఎవరైనా రాయి పేలుస్తుంటే ఊరుకోకండి.