ఐస్‌ఫ్రూట్‌లో ఏముంది?



శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలంటారు. అప్పటి నుంచే మన నారాయణఖేడ్‌లో ఎండ ముదురుతుంది. ఐస్‌ఫ్రూట్ బండి గంట వినబడుతుంది. పదో తరగతి పరీక్షలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. మన జేబులో ఉండేది పదో ఇరవయ్యో రూపాయలు. వాటితో మనం కొనేదేమిటి? ఏది తింటే పరీక్షల ముందు మంచాన పడకుండా ఉంటాం? తెలుసుకుందాం.

ఒకప్పుడు మంచు గొప్పవాళ్ల సొత్తు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు వచ్చాయి. చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి, కరగకుండా రంపపు పొట్టులో పెట్టి తెచ్చేవారు. మద్రాసులో ఆ మంచును దాచడానికి 1842లో సముద్రం ఒడ్డునే ఐస్ హౌస్ కట్టారు. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం అదే. తర్వాత యంత్రాలతో మంచు తయారుచేయడం వచ్చింది. దొరల బల్ల మీది మంచు మన వీధిలోకి దిగింది.

పుల్ల ఐసు, గోలా

పుల్ల ఐసులో ముఖ్యమైనవి నీళ్లు, తీపి, రంగు, వాసన. కొన్నిచోట్ల చక్కెరకు బదులు శాక్రిన్ కలుపుతారు. అది చక్కెర కంటే సుమారు 300 రెట్లు తియ్యన కాబట్టి చిటికెడు చాలు. తిన్నాక నాలుక మీద కాస్త చేదు మిగిలితే అనుమానించాలి. గోలా అంటే తురిమిన మంచు మీద రంగు పాకం పోసింది. రెండింటిలోనూ అసలు సరుకు నీళ్లే.

గడ్డకడితే నీళ్లలోని క్రిములు చస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చాలా క్రిములు చల్లదనంలో నిద్రపోతాయి, కడుపులోకి వెళ్లాక మేలుకుంటాయి. టైఫాయిడ్, కామెర్లు, వాంతులు విరేచనాలు ఈ దారిన రావచ్చు. టైఫాయిడ్ జ్వరం సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల తర్వాత బయటపడుతుంది. అంటే ప్రీఫైనల్ రోజుల్లో తిన్న గోలా లెక్క పబ్లిక్ పరీక్ష నాడు తేలవచ్చు. అప్పటికి ఆ గోలా సంగతి మనకు గుర్తు కూడా ఉండదు.

చేపల వంటివి చెడకుండా ఉంచడానికి వాడే మంచు వేరు, తినే మంచు వేరు. తినకూడని మంచుకు నీలం రంగు కలపాలని 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. అయితే రంగు లేని మంచంతా మంచిదని కాదు. ఆ మంచు ఏ నీళ్లతో చేశారో, గోనెసంచిలో చుట్టి నేల మీద పెట్టారో, శుభ్రమైన డబ్బాలో ఉంచారో చూడాలి.

కుల్ఫీ కుండలో ఉప్పెందుకు?

మంచు 0 డిగ్రీల వద్ద కరుగుతుంది. చక్కెర కలిసిన పాలు గడ్డకట్టాలంటే 0 కంటే తక్కువ చల్లదనం కావాలి. అందుకే వట్టి మంచులో పెడితే కుల్ఫీ గట్టిపడదు. మంచులో ఉప్పు కలిపితే అది ఇంకా తక్కువ ఉష్ణోగ్రత వద్ద కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. పాళ్లు కుదిరితే సుమారు మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. భౌతికశాస్త్రంలో చదివే హిమీకరణ మిశ్రమం ఇదే. మంచి కుల్ఫీకి పాలను బాగా మరగకాచి చిక్కబరుస్తారు. మరగడం వల్ల పాలలోని క్రిములు చస్తాయి. కాబట్టి శుభ్రంగా చేసిన కుల్ఫీ మన డబ్బుకు న్యాయం చేస్తుంది.

కప్పు మీద ఏం రాశారు?

దుకాణంలో దొరికే కప్పులన్నీ ఐస్‌క్రీములు కావు. ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే కొవ్వు పాలదే అయి ఉండాలి. మామూలు ఐస్‌క్రీములో అది కనీసం 10 శాతం ఉండాలి. పామాయిల్ వంటి నూనెల కొవ్వుతో చేస్తే దాన్ని ‘ఫ్రోజెన్ డెసర్ట్’ అనాలి, ఆ సంగతి కప్పు మీద అచ్చువేయాలి. అది విషమూ కాదు, మోసమూ కాదు. కానీ పాల ధర పెట్టి నూనె కొనకూడదు కదా!

ఇంకో సంగతి గాలి. ఐస్‌క్రీము మెత్తగా ఉండటానికి గాలి కలిపి గిలక్కొడతారు. లీటరు ఐస్‌క్రీము కనీసం 525 గ్రాములు తూగాలని నిబంధన. అంటే 100 మిల్లీలీటర్ల కప్పులో 53 గ్రాముల సరుకే ఉన్నా తప్పు కాదు. కప్పు సైజు కాదు, గ్రాములు చూడండి.

పైసా ఖర్చు లేని చల్లదనం

మన రంజన్‌ను మరవకండి. మట్టికుండ రంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి తీసుకుంటుంది. ఒక గ్రాము మంచు కరగడానికి తీసుకునేది 80 మాత్రమే. విశాఖ వంటి సముద్రతీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ అంతగా చల్లబడదు. మన పొడి ఎండలో అది బాగా పనిచేస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు పోసి మూతపెడితే చాలు. ఉప్పేసిన సల్ల, జొన్న అంబలి చెమటతో పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇస్తాయి.

మిత్రులారా! ఐస్ తినవద్దని చెప్పడం లేదు. సంతలోనో, ఝరాసంగం జాతరలోనో అందరితో కలిసి తినే ఆనందం మనకూ కావాలి. పరీక్షల నెలలో మాత్రం గోలాను వాయిదా వేయండి. వేసవి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు చెల్లెకూ తమ్మునికీ కప్పు కొనిచ్చే ముందు, దాని మీది అక్షరాలు వాళ్ల చేతనే చదివించండి. మన చదువు ఇంటికి చేరడమంటే అదే.