ఆమ్లజనికి వెరవని ఎంజైము

గాలి సోకిన ఇనుము తుప్పుపట్టుట మనమెల్లరము ఎరుగుదుము. మనకు ప్రాణాధారమైన ఆమ్లజని కొన్ని ఎంజైములకు సైతము శత్రువు. సూక్ష్మజీవులలోని హైడ్రోజనేజు అట్టిది. 1931లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు స్టీఫెన్‌సన్, స్టిక్‌లాండ్ దీనికి ఈ పేరు పెట్టిరి. ఉదజని అణువును రెండు ప్రోటానులుగను, రెండు ఎలక్ట్రానులుగను విడదీయుట దీని పని. ఆ ఎలక్ట్రానులవలన జీవికి శక్తి లభించును. మేమిచట ముచ్చటించు రకములో ఈ పని జరుగు తావున ఒక నికెలు, ఒక ఇనుము పరమాణువు కలవు. ఆమ్లజని అచట చేరినచో పని నిలిచిపోవును.

అయినను రాల్‌స్టోనియా యూట్రోఫా అను మట్టిలోని బాక్టీరియా, ఆమ్లజని ఉన్నచోటనే ఉదజనిని వాడుకొనుచున్నది. ఎట్లు? 2011లో ఎంజైము స్ఫటికములపై ఎక్స్-కిరణములు ప్రసరింపజేసి శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును కనుగొనిరి. సామాన్యముగా నికెలు చెంతనున్న గుచ్ఛమున నాలుగు ఇనుము, నాలుగు గంధక పరమాణువులుండును. సిస్టీను అను అమైనో ఆమ్లములు నాలుగు దానిని పట్టియుంచును. ఇందులోనో గంధకములు మూడే, సిస్టీనులు ఆరు. ఇందువలన ఆ గుచ్ఛము వెంటవెంటనే రెండు ఎలక్ట్రానులను ఇయ్యగలదు. చొరబడిన ఆమ్లజని నీరుగా మారి తొలగిపోవును. ఎంజైము మరల పనికి పూనుకొనును.

ఉదజనితో విద్యుత్తు పుట్టించు ఘటములలో ఖరీదైన ప్లాటినము వాడుచున్నారు. చవకైన నికెలు, ఇనుములతో, గాలికి వెరవక ఆ పని సాగింపవచ్చునని ఈ చిన్నజీవి మనకు చూపుచున్నది.