ఎవరింట్లో వారు వాయించారు – కచేరీ ఒక్కటైంది

పెళ్లి మేళంలో సన్నాయి ఊదే ఆయనది ఒక ఊరు, డోలు వాయించే ఆయనది మరో ఊరు కావడం పల్లెల్లో వింతేమీ కాదు. ముహూర్తం వేళకు ఇద్దరూ ఒకే పందిట్లో కూర్చుంటే చాలు. అలా కాకుండా ఇద్దరూ ఇల్లు కదలకుండా, ఎవరి అరుగు మీద వారు వాయించి, ఆ రెండింటినీ తర్వాత కలిపితే మేళం అవుతుందా? అవుతుంది. ఇద్దరేమిటి, వందల మంది చేతనే అలా వాయించారు. వారిలో చాలామంది ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. వాయించినందుకు పారితోషికమూ లేదు. పిలిచారు, వాయించి పంపారు, అంతే.

ఇలాంటి ప్రయత్నాల్లో బాగా పేరుకెక్కినది 2008 డిసెంబరులో మొదలైంది. వీడియోలు చూపించే యూట్యూబ్ సంస్థ ప్రపంచంలోని వాద్యకారులందరికీ ఒక పిలుపు ఇచ్చింది. వృత్తి విద్వాంసులే కానక్కర లేదు, సరదాకు నేర్చుకున్న వారైనా సరేనంది. చైనాలో పుట్టిన సంగీతకర్త టాన్ డన్ చేత కొద్ది నిమిషాల సింఫొనీ ఒకటి రాయించింది. సింఫొనీ అంటే పదుల సంఖ్యలో వాద్యాలు కలిసి వాయించే పాశ్చాత్య రచన. అందులో వయొలిన్ వంతు ఏదో వయొలిన్ వారికి, బాకా వంతు ఏదో బాకా వారికి విడివిడిగా స్వరాలు రాసి ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో చూసుకోవడానికి టాన్ డన్ చేతులతో నడిపిస్తున్న వీడియోనూ ఇచ్చారు. లండన్ సింఫొనీ ఆర్కెస్ట్రా విద్వాంసులు మెలకువలు చెబుతూ పాఠాలు కూడా చేశారు.

గడువు 2009 జనవరి 28. అప్పటికి 70కి పైగా దేశాల నుంచి 3,000కు మించి వీడియోలు వచ్చిపడ్డాయి. పడకగదుల్లో, వంటిళ్లలో, బడి గదుల్లో కూర్చుని వాయించినవే అందులో ఎక్కువ. అలా వచ్చిన వాటి నుంచి ముక్కలు ఏరి, అతికి, ఆ సింఫొనీని ఒకే వాద్యబృందం వాయించినట్లు తయారు చేశారు. ఇక నిపుణుల వడపోతలో, ప్రజల ఓట్లలో నెగ్గిన 90 మందికి పైగా వాద్యకారులు 2009 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో మైకేల్ టిల్సన్ థామస్ ఆధ్వర్యాన కలిసి వాయించారు. కార్నెగీ హాలంటే మన వారికి మద్రాసు మ్యూజిక్ అకాడమీలో కచేరీ దక్కినట్లు అనుకోవచ్చు. 2011 మార్చి 20న ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపెరా హౌస్‌లో రెండో విడత జరిగింది. ఈసారి 33 దేశాల నుంచి 101 మంది.

వాద్యాలకే కాదు, గొంతులకూ ఇదే మార్గం పట్టింది. అమెరికా సంగీతకర్త ఎరిక్ విటాకర్ 2010లో 12 దేశాలకు చెందిన 185 గొంతులతో ఇలా బృందగానం కూర్చారు. వీడియోలన్నిటినీ అతికి పెట్టే పని కూడా ఒక ఔత్సాహికుడు తనంత తానే ముందుకు వచ్చి నెత్తిన వేసుకున్నాడు. 2020లో కరోనా కాలంలో అదే విటాకర్ పిలిస్తే 129 దేశాల నుంచి 17,572 మంది పాడి పంపారు.

ఆ ఏడాది మార్చిలో మన దేశంలో లాక్‌డౌన్ వచ్చినపుడు పెళ్లిళ్లకు జనాన్ని పిలవడంపై ఆంక్షలు పెట్టారు. మేళాల వారికి ముహూర్తాలున్నా పిలుపులు లేకుండా పోయాయి. ఇంట్లో ఉండి వాయించి పంపే విద్య అప్పుడు పట్టణాల్లోని వాద్యకారులకు బాగా అలవాటైంది. పల్లెలకు చేరవలసినంతగా చేరలేదనే చెప్పాలి.

ఫోనులోనే ఎందుకు వాయించరాదు?

వీడియో కాల్‌లో ఎదురెదురుగా కనిపిస్తూనే ఉంటారు గదా, ఇద్దరూ ఒకేసారి వాయిస్తే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కుదరదు. చాకిరేవులో అవతలి గట్టున బండ మీద బట్ట పడ్డాక కాసేపటికి గానీ చప్పుడు ఇవతలికి వినపడదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోగలదు. ఊరేగింపులో ముందు నడిచే డప్పుకూ వెనక వచ్చే సన్నాయికీ లయ తేలిపోవడం ఇందువల్లనే. రెండు వాద్యాల నడుమ పది మీటర్ల దూరముంటే సెకనులో వందింట మూడు వంతుల ఆలస్యం. అంతకు మించితే ఎంత చేయి తిరిగిన వారికైనా తాళం నిలవడం కష్టం.

ఇంటర్నెట్‌లో సమాచారం గాజు తీగల్లో వెలుగుగా సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయినా హైదరాబాదు నుంచి న్యూయార్క్ చేరడానికి వందింట ఆరు వంతుల సెకను తప్పదు. పక్క ఊరికైనా సరే, మాట సెల్‌ఫోన్‌లో అంకెలుగా మారి, టవర్లు దాటి, మళ్లీ మాటగా మారేసరికి సాధారణంగా పదో వంతు సెకను దాటిపోతుంది. మాట్లాడుకోవడానికి అది ఏ మాత్రం అడ్డు కాదు. మృదంగానికి మాత్రం అది ప్రాణాంతకం.

అందుకే ఒకేసారి వాయించాలన్న ఆలోచన మానేసి, ఎవరి వంతు వారు విడిగా రికార్డు చేయడమనే పద్ధతి పట్టుకున్నారు. సినిమాల్లో ఇది కొత్త కాదు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి పాడి వాయించవలసి వచ్చేది. ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. ఆ తర్వాత ట్రాకులు వచ్చాయి. గాయకుడు ఒక రోజు, వయొలిన్ల వారు మరో రోజు వచ్చి ఎవరి వంతు వారు చేసి పోవడం మొదలైంది. ఇప్పుడు స్టూడియోకు బదులు ఇల్లు అయింది.

కుట్టుపనిలో కొలత ఎంతో ఇందులో దారి చూపే ట్రాకు అంత. పాట కట్టిన వారు ముందుగా శ్రుతి, తాళం పడే టిక్కుటిక్కు శబ్దం, వీలైతే హార్మోనియం మీద వరస కలిపి ఒక ట్రాకు తయారు చేసి అందరికీ పంపుతారు. వాయించేవారు దాన్ని చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వింటూ, తమ వాద్యాన్ని మాత్రమే రికార్డు చేస్తారు. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాల ఆవర్తం ఒకటి ఖాళీగా నడిచాక పాట మొదలయ్యేలా ట్రాకు ఉండాలి. లేకపోతే ఎత్తుగడ ఎవరికి వారే అవుతుంది. ఆలాపన లాంటి తాళం లేని భాగానికి టిక్కులతో పని లేదు, శ్రుతి ఒక్కటి చాలు.

డప్పు కాచాకే...

లఘుచిత్రాలు తీసే కుర్రవాళ్లు, నాటక సమాజాల వారు, కంప్యూటరు ఆటలకు సొంతంగా సంగీతం కట్టుకునే ఔత్సాహికులు ఇలాంటి పిలుపులు తరచుగా ఇస్తుంటారు. కీబోర్డులో వయొలిన్, వేణువు, సన్నాయి అన్నీ పలుకుతాయి గదా అంటే, పలకడం నిజమే. కానీ సన్నాయి మీద ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం, ఊపిరి బిగువు మీట నొక్కితే వచ్చేవి కావు. డబ్బు లేనివారు అందుకనే మనుషుల్ని వెతుక్కుంటారు.

అయితే అడిగే పద్ధతి ఒకటుంది. 'మా పాటకు ఎవరైనా ఫ్లూటు వాయిస్తారా' అని గాలిలో అడిగితే జవాబు వచ్చేది తక్కువ. ఎన్ని నిమిషాల ముక్క, ఏ శ్రుతి, ఏ తాళం, ఎప్పటిలోగా పంపాలి, పాట ఎక్కడ వినిపిస్తుంది, పేరు వేస్తారా లేదా అన్నవి ముందే చెప్పాలి. టాన్ డన్ సింఫొనీకి 3,000 మంది పలకడానికి పెద్ద సంస్థ పేరు ఒక కారణమైతే, ఎవరు ఏం చేయాలో తేటతెల్లంగా చెప్పి ఉండటం రెండోది. ఊరికే చేసే పని గనుక కోతల కాలమో, పిల్లల పరీక్షలో అడ్డొస్తే మానుకునే వారూ ఉంటారు. ఒక్కొక్క వంతుకు ఇద్దరినైనా చూసుకోకపోతే పాట సగంలో నిలిచిపోతుంది.

శ్రుతి విషయంలో పేచీ ఎక్కువ. హార్మోనియం మీద ఒకటి, ఒకటిన్నర, రెండు అని ఏ మెట్టు కావాలంటే ఆ మెట్టు పట్టుకోవచ్చు. సన్నాయి అలా కాదు. దాని పొడవును బట్టే శ్రుతి. పాకతో కొంత సర్దినా ఎంతో దూరం పోదు. కాబట్టి సన్నాయి ఆయన్ని ముందు అడిగి, ఆయన శ్రుతికే పాట కట్టుకోవడం తెలివైన పని. డప్పు చల్లబడితే మూత వదులై పలుకు మారుతుంది. మంట వేసి కాచి, వెంటనే రికార్డు చేయాలి. మధ్యలో టీకి లేస్తే మళ్లీ కాచవలసిందే. మృదంగం ఎడమ మూతకు అద్దిన రవ్వ ముద్ద ఆరితే నాదం తేలిపోతుంది. వానాకాలం పలుకు, ఎండాకాలం పలుకు ఒకటి కావు. అందుకని ఒక పాటకు కావలసినదంతా ఒకే పూట ముగించుకోవడం మేలు.

ఖరీదైన మైకు లేదని వెనుకాడనక్కర లేదు. మామూలు సెల్‌ఫోనుతోనూ పని జరుగుతుంది. ఫ్యాను ఆపాలి. కోళ్లు, ట్రాక్టర్లు సద్దుమణిగిన వేళ చూసుకోవాలి. ఖాళీ గదిలో గోడలు మారుమోగుతాయి గనుక బొంతలు, దుప్పట్లు వేలాడదీస్తే సరి. వడ్ల బస్తాలు పేర్చిన గది ఇంకా మంచిది. ఫోనును వాద్యానికి మూడు నాలుగడుగుల దూరాన కదలకుండా ఉంచి, కాల్స్ రాకుండా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. దారి ట్రాకు వినడానికి వేరే ఫోను ఉంటే మంచిది. దాన్ని స్పీకరులో పెట్టి వింటే మాత్రం ఆ టిక్కుటిక్కు కూడా వాద్యంతో పాటు రికార్డయి కూర్చుంటుంది, తర్వాత తీయడం అసాధ్యం. ట్రాకులో మొదటి టిక్కు పడగానే ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. సినిమా వాళ్ల క్లాపు పలక వంటిదే ఇదీ. అవతల అన్నీ కలిపే మనిషికి ఆ చప్పుడే ఆనవాలు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా పంపితే శబ్దాన్ని కుదించి నాణ్యత తీసేస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నది ఉన్నట్లు పోతుంది. కుదించని స్టీరియో రికార్డింగు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు ఉంటుంది.

పేరు, హక్కు

ఉచితంగా వాయించినంత మాత్రాన హక్కు వదులుకున్నట్లు కాదు. ఈ సంగతి చాలామంది కళాకారులకు తెలియదు. దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. 1994 సవరణ, ఆ తర్వాత 2012 సవరణ వాద్యకారులకు, గాయకులకు బలం చేకూర్చాయి. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్ల పాటు ఉంటుంది. వాయించింది తానేనని గుర్తించమని కోరే హక్కు 38బి సెక్షను కింద ఉంది. వాణిజ్యానికి వాడుకుంటే రాయల్టీ ప్రస్తావన 38ఎ సెక్షనులో ఉంది. కానీ సినిమాలో కలుపుకోవచ్చునని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ తర్వాత నిర్మాత వాడకానికి అడ్డు చెప్పడం కుదరదు. సంతకం పెట్టే ముందు ఈ ఒక్క మాట చదువుకోవాలి.

స్నేహం కోసం వాయించిన ముక్క రేపు ఏ వ్యాపార ప్రకటనలోనో వినిపిస్తే ఏమిటన్నది మొదటే తేల్చుకోవలసిన విషయం. ఈ పాటకు మాత్రమే వాడాలి, డబ్బు వస్తే మళ్లీ మాట్లాడుకోవాలి, పేరు ఫలానా విధంగా వేయాలి అని నాలుగు ముక్కలు రాసుకుంటే ఇరువైపులా ఇబ్బంది ఉండదు. పట్టణాల్లో వయొలిన్ వాయించే వారి పేరు పడి, పల్లెలో డప్పు కొట్టిన వారు 'జానపద బృందం' అయిపోవడం మామూలుగా మారింది. డప్పు కొట్టినవారికీ పేరుంటుంది. అది అక్షరదోషం లేకుండా పడాలని అడగడం తప్పేమీ కాదు.

పంపిన ఫైలు ఫోనులోంచి చెరిపివేయకుండా ఒక ప్రతి దాచుకోవాలి. అవతలి వారు ఏం అడిగారో, ఏం ఒప్పుకున్నారో చెప్పే మెసేజీలనూ తేదీలతో సహా దాని పక్కనే ఉంచుకోవాలి.