ఒకసారి చెయ్యి చేసుకున్నవాడికి షుగరు ఎవరు చూడాలి?

కొత్తపేట నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. కొడుక్కి 34 ఏళ్ళు. స్కిజోఫ్రీనియాకు చాలాకాలంగా మందులు వాడుతున్నాడు. మూడేళ్ళ క్రితం, మందులు మానేసిన రోజుల్లో, ఒక క్లినిక్కులో కాంపౌండరును చెంపమీద కొట్టాడు. ఇప్పుడు నెమ్మదిగానే ఉన్నాడు. కాని దాహం ఎక్కువైంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కడికి తీసుకెళ్ళినా “ఎర్రగడ్డకు తీసుకుపొండమ్మా” అంటున్నారట. “పిచ్చివాడికి షుగరు రాకూడదా డాక్టరుగారూ?” అని అడిగారావిడ.

రావచ్చునమ్మా. నలుగురికన్నా కొంచెం ఎక్కువగానే వస్తుంది. ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఒళ్ళూ పెంచుతాయి, షుగరూ పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు మాన్పించకండి. తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారు మిగతావారికన్నా 10 నుంచి 20 ఏళ్ళు ముందుగా పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తరచు అది గుండెజబ్బు, షుగరు వంటి మామూలు రోగాలవల్లనే.

ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు, నిజమే. కాని బీపీకీ, పంటినొప్పికీ ఊరి ఆ చివరికి పొమ్మంటే ఎవరు మాత్రం వెళతారు? ఇవి బస్తీ దవాఖానాలోనో, వీధి డాక్టరు దగ్గరో జరగవలసిన పనులు.

డాక్టర్ల భయాన్ని నేను కొట్టిపారెయ్యను. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ళదాకా జైలు, 50,000 రూపాయలదాకా జరిమానా అని 2008లోనే చట్టం వచ్చింది. అయితే, జబ్బు ఉధృతంలో ఉన్నవాడి చెయ్యి చట్టం చూసి ఆగదు. ముందుజాగ్రత్త వల్ల ఆగుతుంది.

జరిగింది దాచకండి. ముందురోజే మీరొక్కరూ వెళ్ళి డాక్టరుగారికి చెప్పండి: ఎప్పుడు కొట్టాడు, దేనికి రేగాడు, ఎవరి మాట వింటాడు. రద్దీ లేని వేళ అడగండి. గంటసేపు జనంలో కూర్చోబెడితే మనకే చిరాకు పుడుతుంది! గదిలో డాక్టరుకూ, రోగికీ తలుపుదారి అడ్డులేకుండా ఉండాలి. బల్లమీద కత్తెరలు, గాజుసీసాలు తీసెయ్యాలి. నలుగురూ చుట్టుముట్టకూడదు. ముట్టుకునేముందు “చెయ్యి పట్టుకుంటాను బాబూ, బీపీ చూడాలి” అని చెప్పాలి. వద్దంటే కాసేపు ఆగాలి. “పోలీసులను పిలుస్తా” అని మాత్రం బెదిరించకండి.

నెమ్మదిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తిరగబడితే అంతా మనోవ్యాధికే అంటగట్టకండి. జ్వరం, నొప్పి, తాగుడు మానిన రెండుమూడు రోజులకు వచ్చే సంధి కూడా కారణం కావచ్చు. షుగరు మందు వాడేవారికి చెమట, వణుకు ఉంటే షుగరు పడిపోయిందేమో చూడాలి. తెలివిగా ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వండి.

చెయ్యి దాటిపోతే 112కో, 108కో ఫోను చెయ్యండి. సలహాకు 14416 ఉంది. గొలుసులతో కట్టెయ్యడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రాణాపాయం వంటి అత్యవసరంలో రిజిస్టరు అయిన ఏ డాక్టరైనా 72 గంటలదాకా చికిత్స చేయవచ్చునని, రోగి నియమించిన ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలనీ అదే చట్టం చెబుతోంది.

కొత్తపేట తల్లిగారికి: ఆలస్యం చెయ్యకుండా రక్తంలో షుగరు చూపించండి. వాంతులు, ఆయాసం, మత్తు కనిపిస్తే అపాయింట్‌మెంట్ల కోసం ఆగక పెద్దాసుపత్రికే వెళ్ళండి. లిథియం వాడేవారికీ దాహం, మూత్రం ఎక్కువవుతాయి. కొన్ని నొప్పి మాత్రలు దానితో పడవు. అందుకని పాత మందుచీటీలన్నీ సంచిలో పెట్టుకు వెళ్ళండి.