కంప్యూటర్‌ పహాణీకి తాళం ఎంత గట్టిది?

సిద్దిపేట: తహసీల్దారు కార్యాలయ బీరువాల్లోని పహాణీలకు బదులు 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణితో వ్యవసాయ భూముల రికార్డుకు కంప్యూటరే ఆధారమైంది. 2025 ఏప్రిల్‌ 14న దాని స్థానంలో భూభారతి అమల్లోకి వచ్చింది. రైతు హక్కు మొత్తం ఒక సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడినప్పుడు, అది నమ్మదగినదేనా అన్నది తేల్చేదెవరు?

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లను ప్రమాణాల మేరకు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చేందుకు కేంద్ర ఐటీ శాఖ పరిధిలో ఎస్‌టీక్యూసీ సంస్థ ఉంది. భద్రతా లోపాలను సెర్ట్‌-ఇన్‌ గుర్తింపు పొందిన ఆడిటర్లు వెదుకుతారు. అనుమతి లేనివారు లోనికి చొరబడగలరా, ఏ అంకెను ఎవరు, ఎప్పుడు మార్చారో జాడ మిగులుతుందా, ఒకేసారి వేలమంది తెరిస్తే తట్టుకుంటుందా అన్నవి ఇలాంటి పరీక్షల్లో ముఖ్యమైనవి. సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేస్తే మళ్లీ ఆడిట్‌ చేయించాల్సిందే. ఎలక్ట్రానిక్‌ రికార్డు ఎక్కడి నుంచి, ఏ తేదీన, ఏ సమయానికి వచ్చిందో తెలిపే వివరాలనూ భద్రపరచాలని ఐటీ చట్టం-2000లోని 7వ సెక్షన్‌ చెబుతోంది.

అయితే ధ్రువపత్రం తాళానికే గానీ బీరువాలోని కాగితానికి కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం తప్పుగా నమోదైతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా ఆ తప్పునూ అంతే భద్రంగా దాస్తుంది. సవరణకు దరఖాస్తు, అప్పీలు మార్గాలను భూభారతి చట్టం కల్పించింది. దరఖాస్తుకు పాత పహాణీ, పాసుపుస్తకం నకళ్లు జతచేయడం మేలు. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినందున, అంతకు ముందరి కాగితాలు హుస్నాబాద్‌ వారికి కరీంనగర్‌, చేర్యాల వారికి వరంగల్‌ జిల్లా పేరుతో ఉంటాయి.